వేలికి తగిలేది గాజే

ఎనిమిదో తరగతి గది గోడకున్న పెద్ద ప్యానెల్ మీద గుండె కొట్టుకుంటోంది. ఎర్రగా, తళతళలాడుతూ, అసలు గుండెకంటే శుభ్రంగా ఉంది. ఒక అమ్మాయి లేచి వెళ్లి ఎడమ కర్ణిక మీద వేలు పెడుతుంది. ఆ భాగం వెలిగి తన పేరు చెబుతుంది. వేలితో తోస్తే గుండె అటు తిరుగుతుంది, రెండు వేళ్లతో లాగితే పెద్దదవుతుంది. వెనక బెంచీ దాకా అందరూ కళ్లప్పగించి చూస్తారు. ఈలోగా గంట కొడతారు. బయటికొచ్చిన ఆ అమ్మాయిని గుండెను చూశావా అని ఎవరైనా అడిగితే, చూశాను, ముట్టుకున్నాను కూడా అంటుంది.

అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆమె వేలికి తగిలింది గాజు. కంటికి కనిపించింది ఎక్కడో స్టూడియోలో కూర్చుని ఎవరో కంప్యూటర్ మీద తయారుచేసిన బొమ్మ. మరి గుండె గురించి ఆమెకు ఇప్పుడు కలిగిన జ్ఞానం ఏ జాతిది? చూసి తెలుసుకున్నదా, ఒకరు చెబితే తెలుసుకున్నదా?

ఇలాంటి ప్రశ్నను విప్పి చూడటానికి కావలసిన సరంజామా మన దగ్గర ఏనాడో ఉంది. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడు. కాశీకి వెళ్లినంత మాత్రాన ప్రతి ద్విజుడూ అన్నంభట్టు కాలేడని సంస్కృత పండితులు సామెత చెప్పుకునేంత పేరు తెచ్చుకున్నవాడు. బాలురకు సుఖంగా బోధపడాలనే ఈ పుస్తకం రాస్తున్నానని మొదట్లోనే చెప్పాడు. ఆ బాలురు అప్పటికే వ్యాకరణమూ కావ్యాలూ చదివేసినవాళ్లని వ్యాఖ్యాతలు తర్వాత సర్దిచెప్పారు. పాఠాలు రాసేవాళ్లకు పిల్లల స్థాయి మీద భ్రమలుండటం నిన్నా మొన్నా మొదలైంది కాదన్నమాట.

అన్నంభట్టు చెప్పిన న్యాయశాస్త్రం, అంటే మన తర్కశాస్త్రం, లెక్కలో నిజమైన జ్ఞానం నాలుగు దారుల్లో వస్తుంది. ఇంద్రియం వస్తువును చేరినప్పుడు కలిగేది ప్రత్యక్షం. పొగను చూసి నిప్పుందని గ్రహించడం అనుమానం. తెలిసినదాని పోలికతో తెలియనిదాన్ని గుర్తుపట్టడం ఉపమానం. నాలుగోది శబ్దం, అంటే ఆప్తుడి మాట. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడు. చార్వాకులు ప్రత్యక్షం ఒక్కటి చాలన్నారు, బౌద్ధ తార్కికులు మొదటి రెండింటి దగ్గర ఆగారు. నైయాయికులు మాత్రం శబ్దానికి సొంత పీట వేశారు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. మనిషికి తెలిసినవాటిలో ఎక్కువ భాగం ఎవరో చెబితే తెలిసినవే. పుట్టినరోజు కూడా అమ్మ చెబితేనే తెలుస్తుంది.

ఈ కొలతతో చూస్తే ప్యానెల్ మీది గుండె శబ్దమే. ఒక శరీరశాస్త్ర పుస్తకంలోని మాటలను ఒక చిత్రకారుడు రంగుల్లోకి మార్చాడు. ఆ అమ్మాయి కన్ను గుండెను చేరలేదు, గుండె గురించి ఒకరు చెప్పిన మాటను చేరింది. దానివల్ల ఆ జ్ఞానానికి విలువ తగ్గిపోదు. చిక్కల్లా ఆ మాట ప్రత్యక్షం వేషంలో రావడమే. టీచరు నోటితో చెప్పినప్పుడు, నిజమేనా సార్, మీకెలా తెలుసు అని అడిగే పిల్లలు ఒకరైనా ఉంటారు. కళ్లెదుట కొట్టుకుంటున్న గుండెను చూశాక అలా అడగాలని ఎవరికి తడుతుంది?

అడగాల్సిన అవసరం మాత్రం ఎప్పుడూ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జూన్‌లో ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ ఏడాది చివర్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ పాఠాలున్న ట్యాబ్‌లు పంచింది. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కంపెనీ అప్పుల్లో పడితే పాఠంలో తప్పున్నట్టు కాదు, పైథాగరస్ సిద్ధాంతానికి బ్యాలెన్స్ షీటుతో పని లేదు. కానీ ఆప్తుడెవరు, రేపు సందేహమొస్తే ఎవరిని అడగాలి అన్న నైయాయికుడి ప్రశ్న మాత్రం అక్కడే నిలబడి ఉంది. తెర వెనక ఉన్నవాడు తరగతిలో కనిపించడు. బోర్డు ముందున్న టీచరు ఆ పాఠం తయారుచేసినవాడు కాదు. పిల్ల ఎవరివైపు చూడాలి?

తెలుగు బడులకు ఇదేమీ పొరుగూరి సంగతి కాదు. నాడు-నేడు పథకం కింద ఆంధ్రప్రదేశ్ ఉన్నత పాఠశాలల్లో ఒక్క మొదటి విడతలోనే దాదాపు 30 వేల తరగతి గదులకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు, ప్రాథమిక బడులకు సుమారు 10 వేల స్మార్ట్ టీవీలు ఇచ్చారు. కేంద్రం 2019లో ఆపరేషన్ డిజిటల్ బోర్డ్ అని ప్రకటించింది. అంతకు 32 ఏళ్ల ముందు, 1987లో, ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ మొదలైంది. ఆ పాత పథకం పేరులో నల్లబల్ల ఉన్నా, దాని షరతుల్లో ముఖ్యమైనవి బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు. బల్ల ముందు ఎవరో ఒకరు ఉండాలన్న సంగతి అప్పటివాళ్లకు గుర్తుంది.

అసలు బోర్డు చరిత్రలో మనకు తెలియకుండానే మన వాటా పెద్దది. 11వ శతాబ్దంలో భారతదేశం గురించి రాసిన అల్ బిరూనీ, ఇక్కడి బడుల్లో పిల్లలు నల్లటి పలకల మీద తెల్లని పదార్థంతో ఎడమ నుంచి కుడికి రాస్తారని నమోదు చేశాడు. తెలుగు, కన్నడ సీమల్లో బొగ్గుపొడి, బంక పట్టించిన గుడ్డను మడతలు పెట్టి కడితం చేసి, బలపంతో రాసి చెరిపేవాళ్లు. అన్నిటికంటే చవకైనది ఇసుక. వీధి అరుగు మీద ఇసుక పరచి, పంతులు పిల్లవాడి వేలు పట్టుకుని ఓనమాలు దిద్దించేవాడు. వేలితో రాయడం, అరచేత్తో చెరపడం, మళ్లీ రాయడం. కరెంటు బిల్లు లేదు, రిపేరు లేదు. గరుకుగా వేలికి తగిలిన అక్షరం ఒంటికి గుర్తుండిపోయేది.

ఆ ఇసుకే ఇంగ్లండు దాకా వెళ్లింది. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర ఆశ్రమానికి ఆండ్రూ బెల్ సూపరింటెండెంటుగా వచ్చాడు. ఒక పొద్దున గుర్రం మీద వెళుతూ దేశీ బడిలో పిల్లలు నేల మీద కూర్చుని ఇసుకలో వేళ్లతో అక్షరాలు రాయడం చూశాడు. తన బడిలో కింది తరగతికి ఆ పద్ధతే పెట్టమన్నాడు. ఉపాధ్యాయుడు అది కుదరదన్నాడు. బెల్ వాదించలేదు, ఆ తరగతిని జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల కుర్రవాడికి అప్పజెప్పాడు. ఆ కుర్రవాడు చేసి చూపించాడు. 1797లో లండన్‌లో బెల్ దీని గురించి పుస్తకం వేశాక, 'మద్రాసు పద్ధతి' ఇంగ్లండులో వేలాది పేదపిల్లలకు చదువు చెప్పే విధానమైంది. ఇంగ్లండులో ఇలాగే పేదపిల్లల బడులు నడిపిన లాంకస్టర్ దగ్గరా ఇసుక పళ్లేలు వచ్చాయి.

బెల్ కథలో అందరూ ఇసుకను గుర్తుపెట్టుకుంటారు. ఫలితం తెచ్చింది ఫ్రిస్కెన్. పనిముట్టు చవకది కావడంవల్ల దాన్ని ఎనిమిదేళ్ల పిల్లవాడి చేతికి ఇవ్వగలిగారు. పిల్లవాడి చేతికి రావడంవల్ల వాడు చెప్పేవాడయ్యాడు. ఎంత గట్టి పద్ధతైనా అక్కడ టీచరు ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోయినా పని ఆగలేదు. ఇప్పటి ప్యానెల్‌ని ఎనిమిదేళ్ల పిల్లవాడికి అప్పజెప్పే ధైర్యం ఏ హెచ్‌ఎంకి ఉంటుంది?

చవకదనం ఒక్కటే సరిపోదని కూడా ఆ కాలపు కాగితాలే చెబుతాయి. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో అడిగిన లెక్కలకు జవాబుగా 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ పంపిన నివేదిక అందులో ఒకటి. నేటి అనంతపురం ప్రాంతం అప్పుడు బళ్లారి జిల్లాలోనే ఉండేది. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంబెల్ ఈయనే కాబట్టి, చూసినదేమిటో తెలిసే రాశాడు. జిల్లా జనాభా 9 లక్షల పైమాట, బడులు 533, చదివే పిల్లలు 6,641. తక్కువ ఖర్చుతో రాత నేర్పడాన్ని, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడాన్ని ఆయన మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దాన్ని అనుకరించడం న్యాయమేనన్నాడు. అదే నివేదికలో అసలు లోపమూ చెప్పాడు. పిల్లలు వల్లించే పద్యాల అర్థం వాళ్లకే కాదు, చాలాచోట్ల పంతులుకూ తెలియదు. బోర్డు అద్భుతం, దాని మీదికి ఎక్కుతున్నది చిలకపలుకు. రెండు శతాబ్దాల తర్వాత చిలకకు రంగులు వేసి ఈకలు కదిలేలా చేస్తే దాన్ని పురోగతి అనవచ్చో లేదో పాఠకులే చెప్పాలి.

ఇంగ్లండు ఈసారి ఖరీదైన దారి పట్టింది. కెనడాలోని కాల్గరీలో 1987లో మొదలైన స్మార్ట్ టెక్నాలజీస్ కంపెనీ 1991లో తొలి స్మార్ట్ బోర్డు తెచ్చింది. 2003 తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం బడుల్లో ఇంటరాక్టివ్ బోర్డులు పెట్టడానికి పెద్దఎత్తున డబ్బు పోసింది. లండన్ ఉన్నత పాఠశాలల్లో ఏం జరిగిందో చూసిన గెమ్మా మాస్ బృందం 2007లో నివేదిక ఇచ్చింది. పిల్లల మార్కుల్లో బోర్డువల్ల వచ్చిన తేడా అని చెప్పదగ్గది తొలి ఏడాదిలో కనిపించలేదు. ప్రాథమిక తరగతులను గమనించి 2006లో స్మిత్, హార్డ్‌మన్, హిగ్గిన్స్ రాసిన పరిశోధన ఇంకాస్త ఆసక్తిగా ఉంటుంది. బోర్డు ఉన్న పాఠాలు వేగంగా సాగాయి, పిల్లలు జట్లుగా పనిచేసే సమయం తగ్గింది. టీచరు అడగడం, పిల్ల ముక్తసరిగా జవాబివ్వడం అనే పాత తీరు పెద్దగా మారలేదు. యంత్రం ముట్టుకుంటే పలికింది. తరగతి మాత్రం అంతకు ముందులాగే ఉంది.

వేగం అన్నచోట కాస్త ఆగాలి. ప్లేటో రాసిన మెనో సంభాషణలో సోక్రటీసు ఒక బానిస కుర్రవాణ్ని పిలిచి, భుజం రెండడుగులున్న చతురస్రం గీసి చూపిస్తాడు. దీనికి రెట్టింపు వైశాల్యం కావాలంటే భుజం ఎంత ఉండాలని అడుగుతాడు. కుర్రవాడు ధీమాగా నాలుగంటాడు. గీసి చూస్తే నాలుగు చదరపుటడుగులు పదహారైపోతాయి. అయితే మూడంటాడు, తొమ్మిదవుతుంది. అప్పుడు నాకు తెలియదంటాడు. ఆ తర్వాతే కర్ణం గీత వస్తుంది. ఈ జ్ఞానం ఆత్మకు ముందే ఉందని, ఇప్పుడు గుర్తు తెచ్చుకుందని సోక్రటీసు వాదన. పూర్వజన్మ వాసనల మాట విని పెరిగిన మనకు అది కొత్తగా తోచదు. ఆత్మ సంగతి అలా ఉంచి, తరగతి సంగతి చూద్దాం. ఆ పాఠంలో విలువైన భాగం నాలుగూ, మూడూ, తెలియదు అన్న మాటా. ఇదే పాఠం ప్యానెల్ మీద తయారుగా దొరుకుతుంది. ఒక్క నొక్కుతో కర్ణం ఎర్రగీతై వస్తుంది, త్రికోణాలు చక్కగా మడతపడతాయి. పిల్లవాడికి తప్పు చెప్పే అవకాశమే రాదు.

ఒక తండ్రి చెప్పిన ఇలాంటి పాఠం ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉంది. శ్వేతకేతువు పన్నెండేళ్లు గురుకులంలో చదివి, అన్నీ తెలుసన్న గర్వంతో ఇంటికొస్తాడు. తండ్రి ఉద్దాలకుడు ఉపన్యాసంతో సరిపెట్టలేదు. మర్రిపండు తెమ్మంటాడు. పగలగొట్టు, ఏముంది? సన్నటి గింజలు. ఒక గింజ పగలగొట్టు, ఏముంది? ఏమీ కనిపించడం లేదు. ఆ కనిపించనిదానిలోంచే ఈ మహావృక్షం నిలబడిందంటాడు తండ్రి. తర్వాత ఉప్పు. రాత్రి నీళ్లలో వేసిన ఉప్పును పొద్దున తెచ్చి ఇవ్వమంటే దొరకదు. పైనుంచి, నడిమినుంచి, అడుగునుంచి రుచి చూస్తే అంతటా ఉప్పే.

ఖర్చు లెక్క వేస్తే ఒక మర్రిపండు, చిటికెడు ఉప్పు, ఒక గిన్నె. మన వేదాంతంలో అత్యంత గహనమైన మాట చెప్పడానికి అంతే పట్టింది. పాఠమంతా 'కనిపించడం లేదు' అన్న జవాబు మీద నిలబడింది. తెరకు చేతకానిది సరిగ్గా అదే. తెర మీద ఖాళీ వస్తే కరెంటు పోయిందనుకుంటారు. అందుకే అది ప్రతిదాన్నీ చూపిస్తుంది. పరమాణువును ఎర్ర, నీలి గోలీలుగా చూపిస్తుంది. ఎలక్ట్రాన్ వాటి చుట్టూ గానుగెద్దులా తిరుగుతుంది. విద్యుత్తు తీగలో పసుపు చుక్కలై పరుగెడుతుంది. పిల్లవాడు ఆ గోలీలే పరమాణువనుకుని ఇంటికి వెళతాడు. ఆ భ్రమను వదిలించడానికి ఇంటర్‌లో కెమిస్ట్రీ లెక్చరర్ నానా తంటాలు పడతాడు. కనిపించనిది ఉందని నమ్మడానికి ఏ దారిలో ఆలోచించాలి అన్నదే సైన్సులోనూ ఉపనిషత్తులోనూ అసలు పాఠం. దాన్ని బొమ్మ గీసి ఇచ్చేస్తే ఆ దారి మూసినట్టే.

టీచర్ల వైపునుంచి దీనికి గట్టి జవాబు ఉంది, తోసెయ్యడానికి లేదు. ల్యాబు లేని బడిలో, సైన్సు సారు బదిలీ అయి కొత్త సారు రాని బడిలో, ఉద్దాలకుడి కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలా? మంచి బొమ్మ చెడ్డ పాఠం కంటే నయం కాదా? నయమే. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నడిచిన సైట్ ప్రయోగం ఆ ఆశతోనే వచ్చింది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ పాఠాలు వచ్చాయి, ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ అందులో ఉన్నాయి. పొద్దున బడిపిల్లలకు తెలుగులో కార్యక్రమాలు. బయటి ప్రపంచం మొదటిసారి ఊరి బడి గోడ దాటి లోపలికొచ్చింది. ఆ పిల్లలకు అది చిన్న విషయం కాదు.

అయితే ఎవరికి ఎంత అందింది? ఇక్కడ నైయాయికుల చందనపు చెక్క పనికొస్తుంది. దూరాన ఉన్న గంధపు చెక్కను చూసి, ఘుమఘుమలాడే గంధం అంటాం. కంటికి వాసన తెలియదు కదా, మరి ఎలా చూశాం? ఇంతకు ముందు ఎప్పుడో గంధం వాసన చూసిన జ్ఞానమే ఇప్పుడు కంటితో కలిసి పనిచేస్తుందని, ఇది ప్రత్యక్షంలోనే ఒక అలౌకిక రకమని వాళ్లు తేల్చారు. బొమ్మ పనిచేసేది ఇదే సూత్రం మీద. విశాఖలో పెరిగిన పిల్లకు తెర మీద అల కనిపిస్తే చెవుల్లో హోరు, ముక్కుకు ఉప్పుగాలి, కాళ్ల కింద జారే ఇసుక అన్నీ వస్తాయి. సముద్రం ఎన్నడూ చూడని ఆదిలాబాదు పిల్లకు అదే తెర మీద కదిలే నీలిరంగు కనిపిస్తుంది. వాగు పొంగడం చూసి ఉంటే ఇంకాస్త అందుతుంది. అంటే ముందు చేతికీ కాలికీ తగిలిన అనుభవం ఉన్నవాళ్లకే తెర ఎక్కువ ఇస్తుంది. లేనివాళ్ల కోసమని కొన్న యంత్రం ఉన్నవాళ్లకు ఎక్కువ పంచుతుందన్న అనుమానానికి ఇంతకంటే సూటి కారణం కనిపించదు.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో దీనికి ఒక దారి వెతికారు. రిషివ్యాలీ విద్యా వనరుల కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు ఏకోపాధ్యాయ బడుల కోసం బోధన సామగ్రి తయారుచేశారు. పాఠ్యపుస్తకాన్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టారు. గోడ మీద మెట్ల పటం ఉంటుంది. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఆ పిల్లే చూసుకుని, తన కార్డు తీసుకుని, ఆ మెట్టు మీదున్న జట్టుతో కూర్చుంటుంది. గింజలు, గులకరాళ్లు, ఊరి కథలు అన్నీ అందులో సామగ్రే. టీచరు బోర్డు ముందు నిలబడకుండా జట్టు జట్టుకీ తిరుగుతాడు. ఈ పద్ధతి స్ఫూర్తితోనే కర్ణాటకలో నలి-కలి, తమిళనాడులో కార్యాచరణ బోధన పుట్టాయి. కరెంటు లేకుండా నడిచే ఇంటరాక్టివ్ తరగతి మన ఊళ్లోనే తయారైందని చాలామంది తెలుగువాళ్లకు తెలియదు.

రిషివ్యాలీకి మూలపురుషుడైన జిడ్డు కృష్ణమూర్తి ఈ చర్చలో ఇబ్బందికరమైన చుట్టం. 1929లో తన కోసం కట్టిన సంఘాన్ని తానే రద్దుచేసి, సత్యానికి గురువులూ బాటలూ లేవన్నవాడు. ఆయన లెక్కలో శబ్దప్రమాణానికి అసలు చోటే లేదు. ఎవరో చెబితే తెలిసింది తెలియడమే కాదు. అలాంటి మనిషి యాభై ఏళ్లకు పైగా ఊరూరా ప్రసంగాలు చేశాడు. ఆ ప్రసంగాల వీడియోలను ఇప్పుడు జనం తెర ముందు కూర్చుని భక్తిగా చూస్తున్నారు. ఆయన ఉంటే తెర కట్టేయమనేవాడేమో.

పరికరం మీద భక్తి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పుకోవాలి. దసరాకు కంప్యూటరుకీ బొట్టు పెట్టే జాతి మనది. ఆయుధపూజ మంచి ఆచారం. కొడవలికి పసుపు పూసిన రైతు మర్నాడు దానితో కోత కోస్తాడు. ఖరీదైన ప్యానెల్‌కి మాత్రం బొట్టు పెట్టి, గుడ్డ కప్పి, గదికి తాళం వేయడం కూడా జరుగుతుంది. పాడైతే జవాబు ఎవరు చెప్పాలన్న భయం. పోతుందని భయపడే వస్తువుతో ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. ఏకలవ్యుడు తన గురువు బొమ్మను మట్టితో తానే చేసుకున్నాడు. దానికి తాళం అక్కర్లేదు. బొటనవేలు పోయింది బొమ్మ ఖరీదు కింద కాదు, ఆ విద్య తనదేనన్న మనిషికి చెల్లించవలసి వచ్చిన ధర కింద.

తానే చేసుకోవడం అన్నచోట చవకబోర్డు కథ మొదలవుతుంది. 2007 డిసెంబరులో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న జానీ చుంగ్ లీ ఇంటర్నెట్‌లో ఒక చిన్న వీడియో పెట్టాడు. నింటెండో వారి వీ అనే ఆటయంత్రానికి 40 డాలర్ల రిమోట్ ఉండేది. దాని మూతిలో పరారుణ కాంతిని మాత్రమే చూసే కెమెరా ఉంది. అది సెకనుకు వందసార్లు, ఒకేసారి నాలుగు వెలుగు చుక్కల దాకా వాటి చోటు పసిగట్టగలదు. లీ దాన్ని ప్రొజెక్టరు వెలుగు పడే గోడవైపు తిప్పి పెట్టాడు. ఎండిపోయిన మార్కర్ పెన్ను డొల్లలో ఒక పరారుణ ఎల్‌ఈడీ, ఒక బ్యాటరీ, ఒక బటన్ పెట్టాడు. బొమ్మ నాలుగు మూలల్లో ఆ పెన్ను ఒక్కోసారి తాకిస్తే, కెమెరా చూసే చుక్కకూ కంప్యూటరు తెరకూ లంకె కుదురుతుంది. ఆపై గోడే బోర్డు, బల్ల అయినా బోర్డే. సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇచ్చేశాడు. వేల డాలర్ల బోర్డు చేసే పనిలో 80 శాతం ఒక శాతం ఖర్చుతో వస్తుందని 2008లో టెడ్ వేదిక మీద చెప్పాడు. అప్పటికే ఐదు లక్షలకు పైగా డౌన్‌లోడ్లు.

ఈ బోర్డుకు లోపాలు చాలా. టీచరు రిమోట్‌కీ పెన్నుకీ మధ్య నిలబడితే గీత ఆగిపోతుంది. కిటికీలోంచి ఎండ పడితే బాణం గుర్తు పిచ్చిపట్టినట్టు తిరుగుతుంది. పాతకాలపు ఫిలమెంటు బల్బు వెలిగించినా అంతే. ఎవరైనా ప్రొజెక్టరు కదిలిస్తే నాలుగు మూలలూ మళ్లీ తాకించాలి. అమ్మేవాడెవడూ ఇలాంటి సరుకును తరగతికి తీసుకురాడు.

చదువు చెప్పేవాడు మాత్రం తప్పకుండా తీసుకురావాలి. ఆ లోపాల్లో ప్రతిదీ ఒక ప్రశ్న. పెన్ను వెలుగుతోందంటున్నారు, మరి కంటికి కనిపించదేం? సారు అడ్డొస్తే ఎందుకు ఆగింది? అంటే కనిపించని వెలుగుకూ నీడ ఉంటుందా? ఎండలో కూడా ఆ వెలుగే ఉందా? నాలుగు మూలలే ఎందుకు, మూడు చాలవా? ఏ పుస్తకమూ చెప్పకముందే తొమ్మిదో తరగతి పిల్లలు పొగనుంచి నిప్పుకు వెళ్లే దారిలో పడతారు. ఉద్దాలకుడి ఉప్పు నీళ్లలో ఉన్నట్టు ఇక్కడ పరారుణం గదంతా ఉంది, కళ్లకు దొరకదు, ఫలితాన్నిబట్టి ఉందని ఒప్పుకోక తప్పదు. గాజు ప్యానెల్ ఇదే పనిని దాచిపెట్టి చేస్తుంది. దాని చట్రంలోనూ చాలా రకాల్లో పరారుణ కిరణాలే వరుసగా పరచి ఉంటాయి. వేలు ఏ కిరణాన్ని కోసిందో చూసి చోటు కనిపెడుతుంది. అది విప్పి చూడనివ్వదు, చెడిపోతే తప్ప ప్రశ్న పుట్టనివ్వదు.

వీ యంత్రాన్ని నింటెండో 2013లో ఆపేసింది. పాత రిమోట్లు వెతికి తెచ్చుకోవాలి. రేపు ఇంకో చవకబారు కెమెరా ఇదే పని చేస్తుంది, అది పెద్ద సమస్య కాదు. ఇప్పటికే గోడలకెక్కిన వేల ప్యానెళ్లను దింపమనడం కూడా తెలివితక్కువ. వాటిని శబ్దం కింద వాడుకోవాలి, శబ్దమని పిల్లలకు చెప్పి వాడుకోవాలి. ఈ బొమ్మ ఎవరు గీశారు, వాళ్లకెలా తెలుసు, ఇందులో ఏది ఊహ అని పాఠానికి ముందు అడగడానికి రెండు నిమిషాలు చాలు. ముందు పిల్ల తన మణికట్టు మీద నాడి పట్టి చూసుకోవాలి, పరుగెత్తి వచ్చి మళ్లీ లెక్కపెట్టాలి, పక్కదాని వీపుకు చెవి ఆనించి లబ్‌డబ్ వినాలి. అప్పుడు తెర మీది గుండె ఆమెకు గంధపు చెక్కలా పరిమళిస్తుంది. ఈ వరుస తిరగబడితే ఎంత ఖరీదైన బోర్డయినా కాశీకి వెళ్లొచ్చిన ద్విజుడే.

కొత్తగా ప్యానెళ్లకు డబ్బు కేటాయించేవాళ్లు అందులో కాస్తంత ఎల్‌ఈడీలకు, బ్యాటరీలకు, కటకాలకు, సోల్డరింగ్ తీగకు వేరుచేసి బడి చేతికే ఇవ్వాలి. పాడైనా లెక్క అడగబోమని రాతపూర్వకంగా చెప్పి ఇవ్వాలి. అది వచ్చేదాకా టీచర్లు ఆగనక్కర్లేదు. టీవీ రిమోట్ కొసన ఉండే ఎల్‌ఈడీని ఫోను కెమెరాకు ఎదురుగా పెట్టి బటన్ నొక్కితే, కంటికి కనిపించని వెలుగు ఫోను తెర మీద లేత ఊదారంగులో మిణుకుమంటుంది. సెల్ఫీ కెమెరాతో చూడాలి. వెనక కెమెరాల్లో చాలావాటికి పరారుణాన్ని ఆపే ఫిల్టర్ ఉంటుంది.